గోడ నుంచి గోడ దాకా అల్మారా: కొలతల నుంచి చివరి పట్టీ దాకా

మీరు అడిగింది ఇదీ: ఇంటి మరమ్మతు చివరికొచ్చింది. ప్లాస్టరింగ్, కరెంటు పైపులు, వంటింటి టైల్స్ అయిపోయాయి, రంగులు సగంలో ఉన్నాయి. ఇక పడకగదిలో గోడ నుంచి గోడ దాకా అల్మారా, హాల్లో పుస్తకాల అరలు, వంటింట్లో క్యాబినెట్లు కొలతకు చేయించాలి. కొలతలు ఎప్పుడు తీయాలి, ఏ బోర్డు వాడాలి, రంగు ముందా ఫర్నిచర్ ముందా, బిగించాక తెచ్చి పెట్టినట్టు కాకుండా గదిలో కలిసిపోయినట్టు ఉండాలంటే ఏం చూసుకోవాలి?

గోడ ఎంత బాగా పూసినా కాస్త వంకరగానే ఉంటుంది. పెట్టె (అల్మారాలో తలుపులు బిగించే బోర్డుల డబ్బా) మాత్రం మూలమట్టానికి ఉండి తీరాలి, లేకపోతే తలుపులు కుదరవు. ఈ రెండిటి మధ్య మిగిలే సందును ముందే లెక్కేసి బొమ్మలో గీసుకుంటే పని శుభ్రంగా వస్తుంది. బిగించే రోజు లప్పంతో పూడ్చేద్దాం అనుకుంటే కొన్ని నెలలకే అక్కడ చీలిక కనబడుతుంది. అందుకే నేను చెప్పబోయేది చాలా మటుకు సందుల గురించే. గోడ వంకరకు ఎంత, తలుపు తిరగడానికి ఎంత, గాలికి ఎంత, చెక్క కదలికకు ఎంత అన్నదే ఈ పనిలో అసలు లెక్క.

అన్నిటికంటే ముందు గది ఆరిందో లేదో చూడండి. గాలి ఆడే గదిలో సిమెంటు గచ్చు రోజుకు సుమారు 1 మి.మీ. మందం చొప్పున ఆరుతుందని పనిలో వాడే లెక్క. అదీ మొదటి 50 మి.మీ. వరకే, ఆపైన వేగం సగానికి పడిపోతుంది. అంటే 50 మి.మీ. గచ్చుకు ఏడు వారాలు, 70 మి.మీ. గచ్చుకు మూడు నెలలు. పైకి పొడిగా కనిపించడాన్ని నమ్మొద్దు. మీటరు చదరం పాలిథీన్ షీటు పరిచి, నాలుగు అంచులూ టేపుతో మూసి, రెండు రోజులు వదిలేయండి. షీటు అడుగున చెమ్మ కనబడినా, గచ్చు రంగు ముదిరినా ఇంకా ఆగాలి. అల్మారా ఆనుకునే గోడ మీద కూడా ఇదే పరీక్షను చిన్న ముక్కతో చేయండి. తడి గోడకు బోర్డు ఆనిస్తే ఆ తేమంతా వెనక పలకలోకి వెళ్తుంది. పలక ఉబ్బుతుంది, బూజు పడుతుంది, లోపల పెట్టిన బట్టలకు వాసన పట్టుకుంటుంది. ఇంట్లో వాడే చెక్కలో తేమ 8 నుంచి 12 శాతం మధ్య ఉండాలి. రెండు సూదులుండే తేమ మీటరుతో గుచ్చి చూస్తే క్షణంలో తెలుస్తుంది. బోర్డులు, చెక్క సైటుకు రాగానే కోయకుండా, కింద రీపర్లు (సన్నటి చెక్క పట్టీలు) వేసి బల్లపరుపుగా పేర్చి, వారం రోజులు ఆ గది గాలికే అలవాటు పడనివ్వండి. గోడకు నిలబెట్టి ఉంచితే బిగించకముందే వంగిపోతాయి.

ఇక కొలతలు. డిజైన్ గీయడానికి ముందే ఒకసారి కొలవచ్చు గానీ, కోతకు ఇచ్చే కొలతలు మాత్రం ప్లాస్టరింగ్, నేల, ఫాల్స్ సీలింగ్ మూడూ అయిపోయాకే తీయాలి. వెడల్పును కింద, నడుమ, పైన కొలవండి. అవే మూడు ఎత్తుల్లో గోడ వెనక భాగం దగ్గరా, అల్మారా ముందంచు వచ్చే చోటా కొలవండి, మొత్తం ఆరు అంకెలు. ఎత్తును ఎడమ, నడుమ, కుడి చోట్ల కొలవండి. మూలలు తిన్నగా ఉన్నాయో లేదో చూడటానికి ఒక గోడ మీద 600, రెండో గోడ మీద 800 మి.మీ. గుర్తు పెట్టి ఆ రెండు గుర్తుల మధ్య దూరం చూడండి. సరిగ్గా 1000 వస్తే మూల తిన్నగా ఉన్నట్టు. ఎక్కువ వస్తే మూల విచ్చుకుంది, తక్కువ వస్తే ముడుచుకుంది.

ఒక లెక్క వేసి చూద్దాం. వెడల్పు కింద 2412, నడుమ 2405, పైన 2398 వచ్చిందనుకోండి. లెక్కలోకి తీసుకోవాల్సింది అన్నిటికంటే చిన్నది, 2398. దాంట్లో రెండు పక్కలా 40 మి.మీ. చొప్పున ఫిల్లర్ పట్టీకి, అంటే పెట్టెకూ గోడకూ మధ్య సందును కప్పే పట్టీకి తీసేస్తే 2318. మూడు పెట్టెలు ఒక్కోటి 772 అయితే మొత్తం 2316. అంటే బిగించాక పక్క సందు పైన 41, కింద 48 మి.మీ. ఉంటుంది. ఫిల్లర్ పట్టీని 60 వెడల్పు కోసి పెట్టుకుని, గోడ వంకరకు తగ్గట్టు చెక్కుకుంటూ కూర్చుతారు. 40 మి.మీ. వృథా అనిపించి చాలామంది దాన్ని 10కి కుదిస్తారు. అలా చేస్తే గోడ పక్క తలుపు 90 డిగ్రీలు కూడా తెరుచుకోదు, హ్యాండిల్ గోడకు గుద్దుకుంటుంది, లోపలి సొరుగు తలుపుకు తగిలి బయటికి రాదు.

ఎత్తు దగ్గర జరిగే పొరపాటు ఇంకా ఖరీదైనది. పెట్టెను పడుకోబెట్టి బిగించి ఆపైన లేపి నిలబెడతారు. లేపేటప్పుడు సీలింగును తాకేది పెట్టె ఎత్తు కాదు, దాని మూల నుంచి మూలకు ఉండే ఐమూల కొలత. సీలింగ్ 2400, పెట్టె ఎత్తు 2350, లోతు 600 అయితే ఐమూల 2425 వస్తుంది. అంటే 50 మి.మీ. ఖాళీ ఉన్నట్టే కనబడుతుంది గానీ పెట్టె నిలబడదు. సీలింగును గీకుతుంది, లేదా అక్కడే విప్పి మళ్ళీ కట్టాలి. అడుగు పీఠాన్ని 100 మి.మీ. ఎత్తుతో విడిగా చేసి, పెట్టె ఎత్తు 2250కి తగ్గిస్తే ఐమూల 2329. తేలిగ్గా లేస్తుంది, తర్వాత పీఠం మీదకు ఎత్తి పెట్టడమే. విడి పీఠంతో ఇంకో లాభం ఉంది. నేల హెచ్చుతగ్గులన్నీ దాని దగ్గరే సరిచేయొచ్చు. లేజర్‌తోనో పొడవాటి రసమట్టంతోనో నేలలో అన్నిటికంటే ఎత్తైన చోటు వెతికి, అక్కడి నుంచి పీఠాన్ని మట్టం చేయండి. మిగతా చోట్ల అడుగున ఆప్పులు (ఎత్తు సరిచేసే చెక్క ముక్కలు) పెట్టండి. పీఠం 1 మి.మీ. వాలితే 2 మీటర్ల పైన తలుపుల మధ్య గీతలు పక్కకు పోయినట్టు స్పష్టంగా తెలుస్తాయి. ఇంకా ఒకటి: పెట్టె వర్క్‌షాప్ నుంచి గదిలోకి వచ్చే దారి. మెట్ల మలుపు, లిఫ్టు, గది గుమ్మం కొలిచి పెట్టుకోండి.

నేల గురించి హెచ్చరిక. టైల్స్ అయితే అల్మారా కింద కూడా పరిచేయొచ్చు. క్లిక్ చేసి పరిచే లామినేట్ లేదా చెక్క నేల అయితే ఆ పలకలన్నీ ఒకే చాపలా తేమకు తగ్గట్టు సాగుతూ ముడుచుకుంటూ ఉంటాయి. దాని మీద వందల కిలోల స్థిరమైన అల్మారా పెడితే ఒక అంచు బిగుసుకుపోతుంది, రెండో వైపు కీళ్ళు విడిపోతాయి లేదా నడుమ పొంగుతుంది. అలాంటి నేల ఉంటే పీఠాన్ని ముందే అసలు గచ్చు మీద బిగించి, నేల పలకలను దాని దాకా తెచ్చి 8 నుంచి 10 మి.మీ. సందు వదిలి, పైన సన్న పట్టీతో కప్పండి. ఆ పట్టీని పీఠానికే కొట్టాలి, నేలకు కాదు.

బోర్డు విషయంలో ఒకే జవాబు అందరికీ సరిపోదు. పెట్టెలకు, తలుపులకు, తడి చోట్లకు వేర్వేరుగా ఆలోచించండి. 2440 × 1220 మి.మీ. సైజు 18 మి.మీ. ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో నొక్కి చేసిన బోర్డు) షీటు దాదాపు 39 కిలోలుంటుంది, ప్లైవుడ్ సుమారు 30 నుంచి 35. ప్లైవుడ్ స్క్రూను బాగా పడుతుంది, అర వంగకుండా మోస్తుంది. చెక్క పొట్టును జిగురుతో నొక్కి చేసే పార్టికల్ బోర్డు పెట్టెలకు సరిపోతుంది గానీ అంచులోకి మామూలు స్క్రూ వేస్తే పొడి రాలుతుంది. దానికోసమే చేసిన 7 × 50 లావు మరల స్క్రూలు, 5 మి.మీ. రంధ్రం ముందే వేసి వాడాలి. ఎండీఎఫ్ రంగు వేయించే తలుపులకు చాలా బాగుంటుంది, కానీ దాని అంచులోకి ముందు రంధ్రం వేయకుండా స్క్రూ వేస్తే రెండు పొరలుగా చీలుతుంది. సింకు కింద, బాత్రూమ్ గోడకు ఆనుకున్న చోట, తుడిచే నీళ్ళు తగిలే పీఠానికి ఫినాల్ జిగురుతో చేసిన ప్లైవుడ్ వాడండి. యూరియా జిగురు ప్లై తడిసి ఆరుతూ ఉంటే పొరలు ఊడతాయి. చెద భయం ఉన్న చోట పీఠాన్ని చెక్కకు బదులు సర్దుబాటు చేసే ప్లాస్టిక్ కాళ్ళ మీద పెట్టి, ముందు భాగం క్లిప్పుతో ఊడదీసేలా చేస్తే చెద గూళ్ళు కనబడతాయి, నీళ్ళ లీకు కూడా తెలుస్తుంది. ఫార్మాల్డిహైడ్ (బోర్డు జిగురులోంచి వచ్చే ఘాటు వాయువు) తక్కువ విడుదల చేసే ఈ1 తరగతి లేదా అంతకన్నా మెరుగైన బోర్డు అడగండి. ఏ బోర్డయినా వాసన ఎక్కువగా వచ్చేది కోసిన అంచుల నుంచే. కాబట్టి కనబడని అంచులకు కూడా పట్టీ వేయించండి. బిగించాక కొన్ని వారాలు తలుపులు తెరిచి ఉంచండి.

లామినేట్, అంటే బోర్డు మీద అతికించే గట్టి షీటు, ఎప్పుడూ బోర్డుకు రెండు వైపులా వేయాలి. బయట 1 మి.మీ. డిజైన్ షీటు వేసి లోపల ఏమీ వేయకుండా పెయింటు పూసేస్తే, రెండు ముఖాలు తేమను వేర్వేరు వేగంతో పీలుస్తాయి. తలుపు అరటిదొప్పలా వంగుతుంది. పొడవాటి తలుపులు మూసినప్పుడు పైన ఆనుకుని కింద 5 మి.మీ. లేచి ఉండటానికి చాలాసార్లు కారణం ఇదే, హింజ్‌ల (తలుపు తిరిగే మడతబందుల) తప్పు కాదు. 2 మీటర్లకు పైబడిన తలుపులకు వెనక గాడి కొట్టి తలుపును తిన్నగా లాగే లోహపు కడ్డీ పెట్టించండి. తర్వాత వంగినా మర తిప్పి సరిచేయొచ్చు.

తలుపుల లెక్క కూడా కోతకు ముందే వేసుకోవాలి. 772 మి.మీ. పెట్టెకు రెండు తలుపులైతే నడుమ 3, అటూ ఇటూ 1.5 చొప్పున మొత్తం 6 మి.మీ. సందు. ఒక్కో తలుపు పూర్తయ్యాక 383 రావాలి. 1 మి.మీ. అంచు పట్టీ రెండు పక్కలా వస్తుంది కాబట్టి కోత కొలత 381. ఈ 2 మి.మీ. తీయడం మరిచిపోతే ఆరు తలుపులకు 12 మి.మీ. పెరిగి, చివరి తలుపు పక్కదాని మీద కూర్చుంటుంది. అయితే కొన్ని అంచు యంత్రాలు పట్టీ వేసే ముందు బోర్డును కొద్దిగా చెక్కుతాయి. అందుకే కోత కొలత ఇచ్చే ముందు మీ వర్క్‌షాప్ యంత్రం ఎలా చేస్తుందో అడిగి తెలుసుకోండి. చారలున్న డిజైన్ అయితే తలుపులన్నీ ఒకే షీటులోంచి వరుసగా కోసి, వెనక నంబరు రాయించండి. పైన అటక తలుపుకూ కింది తలుపుకూ చారలు కలవాలంటే రెండూ ఒకే నిలువు ముక్కలోంచి రావాలి. దీనికి షీట్లు ఎక్కువ పడతాయి. ఆ సంగతి ముందే మాట్లాడుకోవాలి.

హింజ్‌లు: తలుపు వెడల్పు 600 లోపు ఉంటే ఎత్తు 900 మి.మీ. దాకా 2, 1600 దాకా 3, 2000 దాకా 4, 2400 దాకా 5 వేయాలి. 18 మి.మీ. ఎండీఎఫ్‌తో 2100 × 500 తలుపు లామినేట్‌తో కలిపి 16 కిలోల దాకా తూగుతుంది. మూడు హింజ్‌లతో సరిపెడితే నెలల్లోనే వాలుతుంది. హింజ్ గిన్నెకు (తలుపులోకి దిగే గుండ్రటి భాగానికి) 35 మి.మీ. రంధ్రం, లోతు 12 నుంచి 13. 16 మి.మీ. తలుపు మీద బరమా ఒక్క మిల్లీమీటరు ఎక్కువ దిగితే ముందు లామినేట్ మీద గుండ్రటి ఉబ్బు కనబడుతుంది. కాబట్టి బరమాకు ఆపుడు పెట్టించండి. పెట్టె పక్క పలక మీద హింజ్ ప్లేటు రంధ్రాల వరుస ముందంచు నుంచి 37 మి.మీ. దూరంలో రావాలి. తలుపు పక్క పలకను పూర్తిగా కప్పుతుందా, సగమే కప్పుతుందా, లోపలికి కూర్చుంటుందా అన్నదాన్ని బట్టి స్ట్రెయిట్, హాఫ్ క్రాంక్, ఫుల్ క్రాంక్ హింజ్‌లు వేరుగా ఉంటాయి. రెండు పెట్టెలు ఒకే నడుమ పలకను పంచుకుంటే అక్కడ హాఫ్ క్రాంక్ కావాలి. విడివిడి పెట్టెలు పక్కపక్కన పెడితే అంతా స్ట్రెయిట్.

అల్మారా లోపలి కొలతల్లో ముఖ్యమైనది లోతు. హ్యాంగర్ వెడల్పు 430 నుంచి 450 మి.మీ., దాని మీద చొక్కా భుజం ఇంకాస్త బయటికి వస్తుంది. అందుకే లోపల 550 ఖాళీ ఉండాలి, 580 ఉంటే హాయి. జారుడు తలుపులైతే వాటి పట్టాలకే 80 నుంచి 100 పోతుంది, కాబట్టి మొత్తం లోతు 650 నుంచి 680 పెట్టుకోండి. 600 లోతులో జారుడు తలుపులు పెట్టించుకుంటే బట్టల చేతులు తలుపుల మధ్య నలుగుతాయి. పొడవు బట్టలకు కడ్డీ కింద 1500 నుంచి 1600, చొక్కాలకు 1000 చాలు. కడ్డీకి పై అరకూ మధ్య 50 నుంచి 60 మి.మీ. ఉంటేనే హ్యాంగర్ ఎత్తి తీయగలరు. కడ్డీ పొడవు మీటరు దాటితే నడుమ ఒక ఆధారం వేయించండి.

తలుపుల వెనక సొరుగులు పెట్టేటప్పుడు ఇది చూసుకోండి. తలుపు 90 డిగ్రీలు తెరిచినా దాని మందం, హింజ్ గిన్నె పెట్టె లోపలికి కొంత పొడుచుకొస్తాయి. 772 పెట్టె లోపలి వెడల్పు 736. రెండు పక్కలా 30 మి.మీ. ఆప్పు వేస్తే 676 మిగులుతుంది. పక్కన బిగించే బాల్ బేరింగ్ చానెల్‌కు (సొరుగు జారే పట్టాకు) ఒక్కో వైపు 12.7 మి.మీ. కావాలి. అంటే సొరుగు బయటి వెడల్పు 650. ఈ సందు 1 మి.మీ. తగ్గితే సొరుగు బిగుసుకుంటుంది, 2 మి.మీ. పెరిగితే చానెల్ గోళీలు జారి గరగరలాడుతుంది. సొరుగు అడుగున బిగించే చానెళ్ళకు లెక్క వేరు, కంపెనీ ఇచ్చే కాగితం చూసే కోయాలి. చానెళ్ళు ముందే కొని వడ్రంగి చేతికి ఇచ్చాకే సొరుగులు కోయించండి. తర్వాత వేరే చానెల్ తెచ్చి సర్దుదామనుకుంటే సొరుగులన్నీ మళ్ళీ చేయాల్సిందే.

పుస్తకాల అరలకు ఎక్కువమంది తక్కువ అంచనా వేసేది బరువు. మామూలు సైజు పుస్తకాలు మీటరు అరకు 25 నుంచి 30 కిలోలు తూగుతాయి. 2.3 మీటర్ల వెడల్పు, ఆరు అరలంటే దాదాపు 14 మీటర్లు, అంటే 400 కిలోల దగ్గర. ఈ బరువంతా నిలువు పలకల మీదుగా పీఠంలోకి దిగుతుంది. కాబట్టి ప్రతి నిలువు పలక సరిగ్గా కింద పీఠంలో ఒక అడ్డు ఉండాలి. లేకపోతే అడుగు పలక కుంగి, పైన తలుపులన్నీ తప్పుతాయి. అర వంపు పొడవుతో మామూలుగా పెరగదు. ఒకే రకం పుస్తకాలు నిండుగా పేర్చితే పొడవు రెట్టింపయితే వంపు పదహారు రెట్లవుతుంది. మందం 18 నుంచి 25కు పెంచితే వంపు సుమారు రెండున్నర రెట్లు తగ్గుతుంది. అందువల్ల అర మందం చేయడం కంటే నడుమ ఒక నిలువు పలక వేయడం ఎప్పుడూ మేలు. పుస్తకాలకు 18 మి.మీ. పార్టికల్ బోర్డు 600 దాటనివ్వొద్దు, ప్లైవుడ్ 700 నుంచి 750 దాకా. ఇంకా పొడవు కావాలంటే ముందంచుకు 40 మి.మీ. ఎత్తు, 20 మందం గట్టి చెక్క పట్టీని జిగురుతో అతికించండి. వెనక పలకకు కూడా అరను 200 మి.మీ.కు ఒక స్క్రూ చొప్పున పట్టిస్తే వెనక వైపు దాదాపు వంగదు. మొదటి రోజు తిన్నగా ఉందని సంతోషించొద్దు. పార్టికల్ బోర్డు బరువు కింద నెలల తరబడి మెల్లగా కుంగుతూనే ఉంటుంది. అర లోతు 250 నుంచి 300 చాలు. అంతకంటే లోతైతే రెండు వరుసలు పేరుస్తారు, బరువు రెట్టింపవుతుంది.

గోడకు బిగించడంలో ప్లాస్టర్ మందాన్ని లెక్కలోంచి తీసేయండి. అది బరువు పట్టదు. ప్లాస్టర్ 20, ప్లగ్గు (స్క్రూ పట్టడానికి గోడ రంధ్రంలో దించే ప్లాస్టిక్ గొట్టం) ఇటుకలోకి 50, బోర్డు 18 అంటే స్క్రూ 90 మి.మీ. ఉండాలి. 50 మి.మీ. స్క్రూ వేస్తే ప్లగ్గు సగం పూతలోనే ఉంటుంది, ఒక రోజు పూతతో సహా ఊడి వస్తుంది. గాలి బుడగల తేలిక ఇటుకకు, బోలు ఇటుకకు వాటికోసమే చేసిన ప్లగ్గులు వాడాలి. జిప్సం బోర్డు గోడ అయితే వంటింటి పై క్యాబినెట్లు వచ్చే చోట బోర్డు మూయకముందే లోపల చెక్క అడ్డు పట్టీలు వేయించడమే సరైన దారి. మీ మరమ్మతు ఇంకా ముగియలేదు కాబట్టి ఇప్పుడైనా ఆ భాగం విప్పించి వేయించండి. పుస్తకాల అల్మారా ఎంత బరువైనా సరే పై అంచును గోడకు ఎల్ బ్రాకెట్లతో పట్టించండి. పిల్లలు సొరుగులు లాగి మెట్లలా ఎక్కుతారు. అప్పుడు నిండు అల్మారా కూడా ముందుకు పడుతుంది.

బయటి గోడకు ఆనుకున్న అల్మారా వెనక 25 మి.మీ. గాలి సందు వదిలి, పీఠంలోనూ పైనా చిన్న జాలీలు పెట్టండి. ఆ గోడ చల్లగా ఉన్నప్పుడు గదిలోని తేమ అక్కడే నీరవుతుంది. గాలి ఆడకపోతే బూజు తప్పదు.

కరెంటు పని చేసినవాళ్ళు, వడ్రంగి ఒకరితో ఒకరు మాట్లాడుకోకపోతే స్విచ్ బోర్డు అల్మారా వెనక్కి పోతుంది. పెట్టెల గీతలను గోడ మీద నిజం సైజులో టేపుతో అతికించి, ఇద్దరినీ ఒకేసారి పిలిచి చూపించండి. అరగంట పని, గోడలు మళ్ళీ పగలగొట్టే పని తప్పుతుంది. జంక్షన్ బాక్సు, నీళ్ళ వాల్వు పెట్టె వెనక ఉండి తీరాలంటే వెనక పలకలో స్క్రూలతో ఊడే కిటికీ వదలండి. లోపల దీపాలు పెట్టిస్తే ఎల్‌ఈడీ స్ట్రిప్ కోసం గాడి లామినేట్ వేయకముందే కొట్టాలి, అల్యూమినియం ప్రొఫైల్‌లోనే కూర్చోబెట్టాలి, లేకపోతే వేడికి జిగురు ఊడి వేలాడుతుంది. మీటరుకు 10 వాట్ల స్ట్రిప్ 5 మీటర్లంటే 50 వాట్లు. డ్రైవర్ (స్ట్రిప్‌కు కరెంటు అందించే చిన్న పెట్టె) 60 వాట్లకు తక్కువ కాకుండా, చేతికి అందే చోట, గాలి తగిలేలా పెట్టండి. ముందుగా పాడయ్యేది అదే.

వంటిల్లు గురించి క్లుప్తంగా చెప్తాను. కౌంటర్ ఎత్తు 850 నుంచి 900, వండేవాళ్ళ మోచేయి కంటే 100 నుంచి 150 మి.మీ. కిందికి ఉంటే భుజం నొప్పి రాదు. కౌంటర్ నుంచి పై క్యాబినెట్ అడుగుకు 450 నుంచి 600. గ్యాస్ పొయ్యికీ చిమ్నీకీ మధ్య దూరం ఆ యంత్రాల కాగితంలో రాసినదే పాటించాలి. పరికరాలన్నీ ముందే కొనకపోయినా కనీసం మోడల్ ఖరారు చేసి వాటి కోత కొలతలు తెచ్చుకోండి. లోపల కూర్చునే ఫ్రిజ్‌కు పీఠంలోనూ పైనా చెరో 200 చదరపు సెంటీమీటర్ల గాలి దారి చాలా కంపెనీలు అడుగుతాయి. చెక్క కౌంటర్‌లో సింకు కోసం కోసిన అంచులకు పాలియూరిథేన్ పూత రెండుసార్లు వేసి, ఆరాక సిలికాన్ పెట్టి సింకు దించాలి. వంటింటి క్యాబినెట్లు పాడవడం మొదలయ్యేది ఆ కోసిన అంచు దగ్గరే, అక్కడ వడ్రంగి పక్కనే నిలబడి చూసుకోండి.

గట్టి చెక్కతో బల్ల పైభాగమో కౌంటరో చేయిస్తే అది వెడల్పులో కదులుతుందని గుర్తుంచుకోండి. చెక్కలో తేమ 1 శాతం మారితే పీచుకు అడ్డంగా జాతిని బట్టి 0.2 నుంచి 0.35 శాతం మారుతుంది. 900 వెడల్పు పలకలో 4 శాతం తేమ తేడా వస్తే 7 నుంచి 13 మి.మీ. కదలిక. పొడవులో దాదాపు ఉండదు. అలాంటి పలకను చట్రానికి జిగురు పెట్టి, స్క్రూలతో బిగించేస్తే ఎండకాలంలో చీలుతుంది. స్క్రూ రంధ్రాలను అడ్డంగా పొడవుగా కోసి వాషర్‌తో బిగిస్తే పలక తనంతట తాను జరుగుతుంది. నూనె పూతలు వాడితే ఒక మాట కచ్చితంగా పాటించండి. అవిసె నూనె లాంటివి తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. ఆరుబయట విప్పి పరిచి ఆరనివ్వండి, లేదా నీళ్ళలో ముంచి పెట్టండి.

రంగు ముందా ఫర్నిచర్ ముందా అంటే, రెండూ కలిపి నడవాలి. సీలింగుకు పూర్తి రంగు, గోడలకు లప్పం, ప్రైమర్, ఒక పూత ముందు. తర్వాత పెట్టెలు, ఫిల్లర్ పట్టీలు. గోడల చివరి పూత వాటి తర్వాత. నేలకు మందం అట్టలు కప్పి పని చేయించండి. ఫిల్లర్ పట్టీని కూర్చే పద్ధతి ఇది: పట్టీని రసమట్టంతో నిటారుగా గోడకు ఆనించి తాత్కాలికంగా బిగించాలి. పట్టీకీ గోడకూ మధ్య అన్నిటికంటే పెద్ద సందు ఎంతో చూసి వృత్తలేఖినిని అంతకు తెరిచి, ఒక కాలు గోడను తాకిస్తూ రెండో కాలితో పట్టీ మీద పై నుంచి కింది దాకా గీత గీయాలి. గోడ వంకర యథాతథంగా పట్టీ మీదకు దిగుతుంది. ఆ గీతకు బయట కోసి, వెనక వైపు 5 నుంచి 10 డిగ్రీలు ఏటవాలుగా చిత్రిక పట్టాలి. అప్పుడు ముందంచు ఒక్కటే గోడను తాకి గట్టిగా కూర్చుంటుంది. మిగిలే 1, 2 మి.మీ. సన్న గీతను రంగు పట్టే అక్రిలిక్ సీలెంట్‌తో మూయాలి. అక్కడ సిలికాన్ వాడితే దాని మీద రంగు నిలవదు. 4, 5 మి.మీ. సందును సీలెంట్‌తో నింపితే ఎండాక మధ్యలో చీలుతుంది, అంటే పట్టీని మళ్ళీ చెక్కాలని అర్థం.

నీటి ఆధారిత పెయింటు వేసిన తలుపులు గంటల్లో ఆరినట్టు అనిపిస్తాయి గానీ గట్టిపడటానికి మూడు, నాలుగు వారాలు పడుతుంది. ఈలోగా మూసి ఉంచితే ఆనుకున్న చోట అంటుకుని, తెరిచినప్పుడు పొర లేస్తుంది. తలుపు మూలల్లో పారదర్శక రబ్బరు బొట్లు అతికించండి. అరల మీద పుస్తకాలు సర్దడం కూడా అన్నాళ్ళు ఆపండి.

పని అప్పగించే రోజు అల్మారా ఖాళీగా ఉండగా ఒకసారి, బట్టలు పుస్తకాలు నిండాక రెండు మూడు వారాలకు మరోసారి తలుపులు సరిచేయాలని వడ్రంగితో ముందే మాట్లాడుకోండి. బరువు పడ్డాక పెట్టె కాస్త సర్దుకుంటుంది, హింజ్ మరలను మూడు దిశల్లో 2 మి.మీ. అటూ ఇటూ తిప్పే వీలున్నది అందుకే. మిగిలిన లామినేట్ ముక్కలు, రెండు మూడు మీటర్ల అంచు పట్టీ, రంగు డబ్బా మీది షేడ్ నంబరు, హింజ్, చానెల్ పెట్టెల మీది మోడల్ నంబర్లు ఒక కవరులో వేసి పై అటకలో పెట్టుకోండి. ఒక తలుపు అంచు విరిగినా అదే డిజైన్ షీటు మళ్ళీ దొరుకుతుందన్న నమ్మకం లేదు.